కొవిడ్ పోయినా మాత్రలు మానలేదు.. కాళ్లు తిమ్మిర్లు!

సమస్య: నాకు 41 ఏళ్లు. 2020 నుంచీ ఇంట్లోనే ఆఫీసు పని. అప్పుడు మొదలుపెట్టిన జింకు (50 మి.గ్రా.) రోజూ, విటమిన్ డి (60,000 యూనిట్లు) వారానికొకటి ఇప్పటికీ వేసుకుంటున్నాను. శానిటైజర్ వాడీవాడీ చేతులు పగిలాయి. రాత్రి 2 దాటితే గానీ నిద్ర పట్టదు. 9 కిలోలు పెరిగాను. ఈమధ్య పాదాల్లో తిమ్మిర్లు. ఇదంతా కొవిడ్ ప్రభావమేనా?

సలహా: మీరు రాసినదాన్ని బట్టి, వైరస్ కన్నా అప్పటి అలవాట్లనే ఎక్కువగా అనుమానించాలి. ముందు జింకు ఆపేయండి. పెద్దవాళ్లకు ఆహారంలో అందేదానితో కలిపి జింకు రోజుకు 40 మి.గ్రా. దాటకూడదు. అది ఎక్కువైతే పేగు గోడల్లో ఒక ప్రొటీన్ పెరిగి, రాగిని (కాపర్) అక్కడే పట్టేస్తుంది. రాగి ఒంటికి అందక రక్తహీనత వస్తుంది, నాడులు దెబ్బతింటాయి. రోగనిరోధకశక్తి కోసం వేసుకున్న మాత్రే తెల్లకణాలను తగ్గించేస్తుంది! నాడుల నష్టం పూర్తిగా కోలుకోకపోవచ్చు. కాబట్టి ఆలస్యం చేయకండి. సీబీపీ (రక్తకణాల లెక్క), రక్తంలో రాగి మోతాదు, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి. బరువు పెరిగారు కనక హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర పరీక్ష) కూడా తప్పనిసరి. తిమ్మిర్లకు మధుమేహమూ కారణం కావొచ్చు.

విటమిన్ డి లోపానికి వారం మాత్ర సాధారణంగా 8 వారాల కోర్సు. ఏళ్ల తరబడి వేసుకునేది కాదు. ప్రస్తుతానికి ఆపి, విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించుకోండి. విటమిన్ డి ఎక్కువై రక్తంలో కాల్షియం పెరిగితే అతిదాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్ల వంటివి రావొచ్చు.

ఇంట్లో ఉన్నప్పుడు శానిటైజర్ అక్కర్లేదు. భోజనానికి ముందు, మలవిసర్జన తర్వాత, బయటి నుంచి రాగానే 20 సెకన్లు సబ్బుతో కడిగితే చాలు. వేడినీళ్లు వద్దు. సబ్బుతో కడిగిన వెంటనే శానిటైజర్ రాయటం పగుళ్లను మరింత పెంచుతుంది. చేతులు తడి అద్దుకున్న వెంటనే, ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే పెట్రోలియం జెల్లీ రాయండి. రాత్రి మందంగా రాసి నూలు గ్లవుజులు తొడుక్కోండి. రెండు వారాల్లో తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి.

నిద్ర విషయంలో త్వరగా పడుకోవాలని తంటాలు పడకండి. లేచే వేళను మార్చండి. మూడు రోజులకోసారి 20 నిమిషాల చొప్పున ఇంకాస్త ముందుగా లేవండి, సెలవు రోజుల్లోనూ అదే వేళ. లేచిన అరగంటలోపు ఆరుబయట 30 నిమిషాలు వేగంగా నడవండి. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో తెలియకుండానే దొరికిన వెలుతురు, నడక మళ్లీ దొరుకుతాయి. వారానికి 5 రోజులు నడిస్తే 150 నిమిషాల వ్యాయామమూ పూర్తవుతుంది. మధ్యాహ్నం 2 తర్వాత కాఫీ, టీ వద్దు. మంచం మీద ల్యాప్‌టాప్ వద్దే వద్దు. బరువు తగ్గటానికి ఇప్పుడే కఠిన ఆహార నియమాలు పెట్టుకోకండి, ముందు నిద్ర గాడిన పడనివ్వండి.

జలుబు, దగ్గు ఉన్నప్పుడు మాస్కు పెట్టుకోవటం, జ్వరమొస్తే ఇంటి పట్టునే ఉండటం మాత్రం మానొద్దు. నడుస్తుంటే తూలటం, చీకట్లో పట్టు తప్పటం, కాళ్లలో బలహీనత కనిపిస్తే పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా వెంటనే న్యూరాలజిస్టును కలవండి. వేసుకున్న మాత్రల డబ్బాలన్నీ వెంట తీసుకెళ్లండి.