పాఠకుల ప్రశ్నలు: చార్జింగ్ గన్ను దగ్గర వంతు ఎవరిది?

సంక్రాంతి సెలవులు ముగిశాక మాకు వచ్చే ఉత్తరాలలో ఏటా పందెంకోళ్ల మీద, ప్రత్యేక బస్సుల చార్జీల మీద ఫిర్యాదులు ఎక్కువగా ఉండేవి. ఈసారి విద్యుత్ కార్ల చార్జింగ్ వాటిని వెనక్కి నెట్టింది. ఉత్తరాలు రాసిన వారి పేర్లను, ప్రచురించమని కోరిన వారివి సహా, తీసివేశాము. మొదటి రెండు ఉత్తరాలు ఒకే రాత్రి, ఒకే చార్జర్ దగ్గర జరిగిన ఒకే గొడవకు రెండు వైపుల నుంచి వచ్చాయని మాకు గట్టి అనుమానం ఉండటమే అందుకు కారణం.

ప్రశ్న: భోగి ముందురోజు రాత్రి హైదరాబాదు నుంచి భీమవరం వస్తూ, తాడేపల్లిగూడెం దగ్గర హైవే పక్కన ఒక హోటల్ ఆవరణలో ఉన్న చార్జర్ దగ్గర ఆగాము. మా కారులో 9 శాతం మాత్రమే మిగిలింది. ఇల్లు ఇంకా 30 కిలోమీటర్ల పైనే ఉంది. అక్కడున్న రెండు గన్నులలో ఒకటి పనిచేయడం లేదు. రెండోది ఒక కారుకు తగిలించి ఉంది, చార్జర్ తెర మీద 92 శాతం కనిపిస్తోంది. యజమాని లోపల కుటుంబంతో భోజనం చేస్తున్నారు. వెళ్లి అడిగితే “నూరు నిండాక తీస్తాను, డబ్బు కట్టాను కదా” అన్నారు. చంటిపిల్లతో 50 నిమిషాలు నిలబడ్డాము. ఆయన చేసింది సబబేనా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఆ చార్జర్ దగ్గర 80 శాతం దాటాక గన్ను తీసివేయాలనే బోర్డుగాని, యాప్‌లో అటువంటి షరతుగాని లేకపోతే, నూరు నిండే దాకా ఉంచుకునే హక్కు ఆయనకు ఉన్నట్టే. అయితే ఆయన కట్టిన డబ్బు యూనిట్లకు మాత్రమే. మీ పిల్ల నిలబడిన 50 నిమిషాలకు ఎవరూ బిల్లు వేయలేదు. పెట్రోలు బంకులో ఒక మనిషి తాత్సారం చేసినా వెనకవాడికి పోయేది ఐదు నిమిషాలే కనుక మనకు ఇటువంటి సంగతుల మీద మర్యాదలేవీ ఏర్పడలేదు. చార్జర్ దగ్గర మనం పంచుకునేది కరెంటుకన్నా ముఖ్యంగా కాలాన్ని.

ఆ చివరి శాతాలకు అంత సేపు ఎందుకు పడుతుందో తెలిస్తే కోపం తగ్గకపోవచ్చు కాని, వాదనకు బలం వస్తుంది. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటును ధారాళంగా తీసుకుంటుంది. నిండుతున్నకొద్దీ సెల్ వోల్టేజి తన గరిష్ఠ పరిమితికి చేరుతుంది; అక్కడినుంచి అదే వేగంతో తోస్తే లిథియం లోపలికి ఇంకకుండా రుణ ధ్రువం మీద లోహంగా పేరుకుని సెల్‌ను పాడుచేస్తుంది కనుక, కారులోని నియంత్రణ వ్యవస్థే కరెంటును క్రమంగా తగ్గించివేస్తుంది. ధాన్యం బస్తాలో ముప్పాతిక భాగం గుమ్మరించినంత సేపట్లో నిండుతుంది, మిగిలిన పావు మాత్రం కుదిపి కుదిపి నింపాలి. మనవైపు ఎక్కువగా తిరిగే కార్లలో 10 నుంచి 80 శాతానికి ఫాస్ట్ చార్జర్ మీద సుమారు గంట పడితే, ఆ తరువాతి 20 శాతానికి మోడల్‌ను బట్టి దాదాపు అంతే సేపు పట్టవచ్చు. ఆయన చివరి 8 శాతం కోసం కూర్చున్న వ్యవధిలో మీ కారు ఇల్లు చేరి, మర్నాడు అత్తవారింటికి వెళ్లి వచ్చేటంత చార్జింగ్ పట్టేది.

రెండో పంట దాళ్వాకు నీరు చాలని సంవత్సరాలలో కాలువలకు వంతులు పెట్టడం ఇక్కడి రైతులందరికీ తెలిసిన సంగతే. తన మడి నిండిన తరువాత కూడా తూము మూయని ఎగువ రైతు నీటితీరువా కట్టలేదని ఎవరూ అనరు. కాని శివారు చేను ఎండిపోతే ఊరు ఆయననే తప్పు పడుతుంది. హైవే చార్జర్ దగ్గర 9 శాతంతో వచ్చినవాడు శివారు రైతు.

ఇంకొక మాట. మీ ఉత్తరంలో చివర, మేము ఇక్కడ వేయని భాగంలో, చార్జర్ మీది ఎర్ర బొత్తాం నొక్కి ఆయన చార్జింగ్ ఆపివేయాలనిపించిందని రాశారు. నొక్కనందుకు సంతోషం. అది మంటలు, పొగ, షాక్ వంటి ప్రమాదాల కోసం పెట్టినది. దాన్ని నొక్కితే చాలా యంత్రాలు ఎవరో వచ్చి సరిచేసే దాకా మళ్లీ మొదలు కావు, అప్పుడు ఇద్దరూ భోగిమంటలను ఆ హోటల్ ముందే చూడవలసి వచ్చేది. గన్నును బలంగా లాగడం కూడా వృథా ప్రయాస; ఫాస్ట్ చార్జింగ్ జరుగుతున్నంతసేపు దానికి తాళం పడి ఉంటుంది.

ప్రశ్న: పండుగ రద్దీలో నేను చార్జింగ్ పెట్టుకుని భోజనం చేస్తుంటే ఒకాయన వచ్చి గన్ను తీయమని గద్దించారు. నేను చించినాడ వంతెన దాటి అంతర్వేది దాకా వెళ్లి, మర్నాడు తెల్లవారేసరికి తిరిగి రావాలి. మా ఊళ్లో చార్జర్ లేదు. 80 శాతం దగ్గర తీసివేయమనే నీతి పట్టణాల వారికి సరిపోతుందేమో, మాకు ఎలా సరిపోతుంది?
— ఒక పాఠకుడు, సఖినేటిపల్లి మండలం

జవాబు: మీకు సరిపోదు, ఆ మాట ఒప్పుకుంటున్నాము. 80 శాతం అనేది దారిలో ముందు ఇంకొక చార్జర్ ఉన్నవారికి పనికివచ్చే లెక్క. చివరి చార్జర్ దాటి రానూపోనూ ప్రయాణం ఉన్నవారు ఎక్కువ నింపుకోవడంలో తప్పు లేదు. అయితే “డబ్బు కట్టాను” అనడానికి బదులు “అంతర్వేది వెళ్లి రావాలండీ, ఇంకో 20 నిమిషాలు పడుతుంది, మీకు ఎంత దూరం?” అని ఉంటే, ఎదుటి మనిషికి 30 కిలోమీటర్లే కావాలని మీకు తెలిసేది. ఆయనకు పది నిమిషాలు వంతు ఇచ్చి మళ్లీ మీరు తగిలించుకుంటే, ఎలాగూ భోజనం మధ్యలో ఉన్న మీకు పోయేదేమీ లేదు. కారు వదిలి వెళ్లేటప్పుడు ఫోను నంబరు, బయలుదేరే సమయం ఒక చీటీ మీద రాసి అద్దం వెనక పెట్టడం మంచి అలవాటు; ఆ చీటీ చూసినవాడు భోజనాల బల్ల దాకా వచ్చి గద్దించడు. చార్జింగ్ పూర్తయ్యాక కూడా గన్ను తీయని వారి నుంచి నిమిషాల లెక్కన రుసుము తీసుకునే సంస్థలు ఉన్నాయి కనుక, యాప్‌లోని షరతులను ఒకసారి చదువుకోండి.

ప్రశ్న: 60 కిలోవాట్ల చార్జర్ మీద నా కారు హాయిగా ఎక్కుతుండగా, పక్క గన్నుకు మరొకరు తమ కారు తగిలించారు. వెంటనే నా వేగం సగానికి పడిపోయింది. ఇది దొంగతనం కాదా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కాదు. రెండు గన్నులున్న చాలా యంత్రాలలో ఆ 60 కిలోవాట్లు రెండింటికీ కలిపి ఉన్న సామర్థ్యం. రెండో కారు వస్తే చెరి 30 వస్తాయి. ఆవరణలో వేరే యంత్రం ఖాళీగా ఉంటే రెండో ఆయన దానిని ఎంచుకోవడం మర్యాద; లేకపోతే ఇద్దరికీ సమాన హక్కే. వేసవి మధ్యాహ్నం అయితే పక్కన ఎవరూ లేకపోయినా వేగం తగ్గవచ్చు, ఎందుకంటే బ్యాటరీ గాని, యంత్రం గాని వేడెక్కితే అవే తగ్గించుకుంటాయి.

ప్రశ్న: రావులపాలెంలో పెళ్లికి వెళితే చార్జింగ్ స్థలంలో రెండు డీజిల్ కార్లు నిలిపి ఉన్నాయి. డ్రైవర్లను అడిగితే “నీడ ఉంది కదా సార్” అన్నారు. ఎవరికి చెప్పాలి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ డ్రైవరు అబద్ధం చెప్పలేదు. యంత్రాన్ని ఎండావానల నుంచి కాపాడటానికి రేకుల కప్పు వేస్తారు, ఆవరణ మొత్తంలో నీడ అక్కడే ఉంటుంది. కల్యాణమండపం, హోటల్ వంటివి ప్రైవేటు స్థలాలు కనుక మీరు అడగవలసింది యాజమాన్యాన్ని, లేదా గేటు దగ్గరి మనిషిని. ఆయనకు గుర్తు చెప్పండి: సొంత విద్యుత్ వాహనానికి ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలు, అద్దె వాహనానికి ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయి. ఆకుపచ్చ పలక ఉండి, గన్ను తగిలించకుండా ఊరికే నిలిపిన కారు కూడా ఆ డీజిల్ కార్లతో సమానమైన అడ్డమే. మన బంధువుల కార్లయితే ఈ సంగతి మనం ఎత్తము, చూశారా?

ప్రశ్న: మా అమ్మాయి స్కూటర్‌కు పెద్ద చార్జర్ల గన్ను పట్టడం లేదు. ఎందుకని?
— ఒక తల్లి, అమలాపురం

జవాబు: హైవే చార్జర్లలో సాధారణంగా ఉండేది కార్ల కోసమైన సీసీఎస్-2 గన్ను. ద్విచక్ర వాహనాల కంపెనీలు చాలాకాలం ఎవరి ప్లగ్గు వారు పెట్టుకున్నాయి. తేలికపాటి వాహనాలకు దేశీయ ప్రమాణం ఒకటి 2023లో వచ్చింది గాని, అన్ని కంపెనీలూ దానిలోకి రాలేదు. ఇంట్లో రాత్రి పెట్టుకోవడమే మీ అమ్మాయికి సుఖం.

ప్రశ్న: చార్జింగ్ మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక యాప్ నన్ను కొత్తగా డబ్బు కట్టమంది. మొదట కట్టిన 300 రూపాయలు ఏమైనట్టు?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: సాధారణంగా ఎక్కిన యూనిట్ల మేరకు తీసుకుని, మిగిలినది యాప్ వాలెట్‌లోకి తిరిగి వేస్తారు, అది మీ బ్యాంకు ఖాతాలోకి రావాలంటే విడిగా అడగవలసి ఉంటుంది. చార్జింగ్ ఆగిన వెంటనే యంత్రం తెరను, కారు తెరను ఫోటో తీసి ఉంచుకోండి. ఈ జవాబు రాస్తున్న నాకు ఒక సంస్థ ఇటువంటి 200 రూపాయలను పందొమ్మిది రోజుల తరువాత, అదీ నాలుగు ఉత్తరాలు రాశాక, తిరిగి ఇచ్చింది. ఉత్తరాలకు లొంగని వారి మీద జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. బిల్లులో యూనిట్ ధర మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది, అది తప్పు లెక్క కాదు.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువుల దగ్గర సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దారినపోయే కార్లకు చార్జింగ్ పెట్టి నాలుగు రూపాయలు సంపాదించవచ్చా? లైసెన్సు కావాలా?
— ఒక ఆక్వా రైతు, కాళ్ల మండలం

జవాబు: లైసెన్సు అవసరం లేదు. చార్జింగ్ అనేది సేవ, కరెంటు అమ్మకం కాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది. హైవేలకు ఇరువైపులా 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలని ఆ శాఖ 2022 మార్గదర్శకాలు చెప్పాయి. 2023లో కేంద్రం మూడు చమురు సంస్థలకు 800 కోట్ల రూపాయలతో 7,432 ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్లు మంజూరు చేసింది. అవి సహజంగా బంకులున్న చోటికి వస్తాయి, చెరువుగట్ల మీదికి రావు కనుక మీ ఆలోచన మంచిదే. కాని చెరువుల కోసం ఇచ్చిన కనెక్షన్ నుంచి ఒక్క యూనిట్ కూడా దీనికి వాడవద్దు. మంజూరైన పనికి కాక వేరే పనికి కరెంటు వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం. చార్జింగ్ స్టేషన్లకు వేరే కేటగిరీ ఉంది. మీ విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కార్యాలయంలో దానికి దరఖాస్తు చేయండి.

ప్రశ్న: మా అల్లుడుగారు పండుగకు కారు వేసుకువచ్చి, వచ్చీరాగానే ఫ్రిజ్ తీసివేసి ఆ ప్లగ్గులో కారు పెట్టారు. మూడు రోజులూ అంతే. ఒకసారి ప్లగ్గు కాలిన వాసన వచ్చింది. బిల్లు సంగతి సరే, ఇల్లు కాలకుండా ఆయనకు ఎలా చెప్పాలో తోచడం లేదు.
— ఒక మామగారు, ముమ్మిడివరం దగ్గర

జవాబు: బిల్లు గురించి మీరు మాట్లాడవద్దు, అది మీ అమ్మాయికి వదిలేయండి. ఇంటి చార్జర్ సుమారు 3.3 కిలోవాట్లు లాగుతుంది, అంటే రాత్రి పది గంటలు పెడితే 33 యూనిట్లు అవుతాయి. ఫ్రిజ్ ఎప్పుడూ అంత లాగదు, అందుకే ఆ వైరు, ప్లగ్గు వేడెక్కాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ ఎలక్ట్రీషియన్ చేత మీటరు దగ్గర నుంచి విడిగా మందమైన వైరు, 16 ఆంపియర్ల సాకెట్, కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపివేసే సొంత ఎంసీబీ, లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ వేయించండి. మంజూరైన లోడు చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టండి. ఎర్తింగ్‌ను కొలిపించడం మరవవద్దు. పాత పెంకుటిళ్లలో మూడో రంధ్రం అలంకారానికి మాత్రమే ఉంటుంది. ఎర్త్ లేదని గ్రహించి కొన్ని కార్లు చార్జింగే తీసుకోవు, తీసుకున్నవి తడి నేల మీద ఎవరికి షాక్ ఇస్తాయో చెప్పలేము.

ఇక చెప్పే తీరు అంటారా, సాకెట్ వేయించాక “మీ కారు కోసమే ఇది పెట్టించాము బాబూ, ఇకనుంచి ఇక్కడే పెట్టుకోండి” అనండి. ఉగాదికి ఆయన మళ్లీ వచ్చేలోగా పని పూర్తి చేయించండి.