జహంగీర్ ఖాన్ వరుసగా 555 మ్యాచ్‌లు గెలిచారన్నది నిజమేనా, లేక అతిశయోక్తా?

పాకిస్తాన్ స్క్వాష్ (నాలుగు గోడల మధ్య రాకెట్‌తో బంతిని గోడకు కొట్టి ఆడే ఆట) ఆటగాడు జహంగీర్ ఖాన్ 1981 ఏప్రిల్‌లో బ్రిటిష్ ఓపెన్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్ హంట్ చేతిలో ఓడారు. ఆ తరవాత మళ్లీ ఓడింది 1986 నవంబరులో, తులూజ్‌లో జరిగిన ప్రపంచ ఓపెన్ ఫైనల్‌లో, న్యూజిలాండ్‌కు చెందిన రాస్ నార్మన్ చేతిలో. ఈ ఐదున్నరేళ్లలో గెలిచినవి 555 అని అందరూ చెప్పే లెక్క. అంటే ఏడాదికి సుమారు వంద. వాటిలో సగం కొట్టేసినా మిగిలేది చాలా అరుదైన వరుసే కాబట్టి, ఆ అంకెను తవ్వడం నాకు అనవసరపు శ్రమగా తోస్తుంది.

పోటీల స్థాయిలో కాకపోయినా చాలాకాలంగా ఈ ఆట ఆడుతున్నవాడిగా నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఆయన గొప్పతనం తెలియాలంటే చూడవలసింది ఆనాటి పాయింట్ల పద్ధతి. ఇప్పుడు ర్యాలీ (సర్వీస్ నుంచి ఒకరు తప్పేదాకా సాగే ఆట) ఎవరు గెలిస్తే వారికే పాయింటు, గేమ్ 11కి. అప్పట్లో గేమ్ 9కే అయినా, సర్వీస్ చేసేవారికి మాత్రమే పాయింటు వచ్చేది. అవతలివారు ర్యాలీ గెలిస్తే సర్వీస్ చేతులు మారేదే తప్ప స్కోరు కదిలేది కాదు.

మా క్లబ్బులో నాకంటే వయసులో చాలా పెద్దవారు ఒకరు, "పాత లెక్కన ఒక గేమ్ ఆడదామా బాబూ" అని పిలిచి ఆ తేడా ఏమిటో నాకు చూపించారు. ఆయన పరుగెత్తింది చాలా తక్కువ. కోర్టు మధ్యలో గీతలు ఇంగ్లీషు T ఆకారంలో కలిసేచోట నిలబడి, బంతిని ఎడమ గోడకు రాసుకుంటూ వెనక మూలకు పంపేవారు. ఎంత తంటాలుపడి తిరగ్గొట్టినా మళ్లీ అదే గోడకు, అదే మూలకు వెళ్లేది. విసుగెత్తి నేను డ్రాప్ (ముందుగోడ దగ్గరే పడేలా మెల్లగా కొట్టే షాట్) వేయబోతే బంతి ముందుగోడ కింది రేకుకు తగిలి డబ్బాలా మోగేది, ర్యాలీ పోయేది. చెమట పట్టిన అరచేతిని గోడకు తుడుచుకుంటూ స్కోరెంత అని అడిగితే, "ఇంకా సున్నా సున్నానే" అన్నారు. నేను గెలిచిన ర్యాలీలు తక్కువేమీ కావు గానీ, వాటిలో చాలామటుకు సర్వీసును తెచ్చుకోవడానికే ఖర్చయిపోయాయి.

ఇలాంటి లెక్కన జహంగీర్ 1983లో ఇంగ్లండ్‌లోని చిచెస్టర్‌లో ఈజిప్టు ఆటగాడు గమాల్ అవద్‌తో 2 గంటల 46 నిమిషాలు ఆడారు. మొదటి గేమ్ పోగొట్టుకుని, తరవాతి మూడూ గెలిచారు. అవద్ ఆటలో లోపమేమీ లేదు, కాళ్లలో సత్తువే అయిపోయింది. ఇలాంటి ఆటను విసుగు అని కొట్టిపారేసేవారితో నాకు ఎప్పుడూ పేచీయే. నాలుగు మెరుపు షాట్లు చూసి ఆటగాణ్ణి తూచేవారికి వెనక మూలలో జరిగే పని కనిపించదు.

పైగా ఆయన పుట్టుకతో బలశాలి కారు. చిన్నప్పుడు హెర్నియాకు రెండు శస్త్రచికిత్సలు జరిగాయి, శ్రమపడే ఆటలు వద్దని వైద్యులు చెప్పారు. తండ్రి రోషన్ ఖాన్ 1957లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినవారు. అన్న తోర్సమ్ 1979లో ఆస్ట్రేలియాలో మ్యాచ్ ఆడుతూ గుండెపోటుతో మరణించారు. అప్పుడు దాయాది రహ్మత్ ఖాన్ తన ఆటను పక్కనపెట్టి జహంగీర్‌కు శిక్షణ ఇచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి, 17 ఏళ్ల వయసులో, ప్రపంచ ఓపెన్‌ను మొదటి నాలుగుసార్లూ గెలిచిన హంట్‌నే టొరంటోలో ఓడించి జహంగీర్ ఆ కిరీటం అందుకున్నారు.

తులూజ్ ఓటమితో ఆయన పని అయిపోయిందనుకోవడమూ పొరపాటే. 1982లో మొదలైన బ్రిటిష్ ఓపెన్ విజయాలు 1991 వరకు ఏటా, మొత్తం 10, ఆగకుండా సాగాయి. 1988లో తోటి పాకిస్తానీ జాన్‌షేర్ ఖాన్‌ను ఓడించి ప్రపంచ ఓపెన్ ఆరోసారి గెలిచారు. ఇన్ని చేసినా ఆయనకు ఒలింపిక్ పతకం లేదు, ఎందుకంటే అప్పట్లో ఒలింపిక్స్‌లో అసలు స్క్వాష్ పోటీయే లేదు. 2002 నుంచి 2008 వరకు ప్రపంచ స్క్వాష్ సమాఖ్య అధ్యక్షుడిగా ఆయన దీనికోసం ప్రయత్నించారు. 2005లో సింగపూర్‌లో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో మూడింట రెండు వంతుల ఓట్లు రాక ఆ ప్రతిపాదన వీగిపోయింది. తొలిసారి 2028లో లాస్ ఏంజెలెస్‌లో స్క్వాష్‌ను ఆడించబోతున్నారు, అప్పటికి జహంగీర్‌కు 64 ఏళ్లు ఉంటాయి.