అబ్బాయి దుబాయ్‌లో, మేము బెంగళూరులో: వీసాకు ఎవరు ఎక్కడ దరఖాస్తు చేయాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా. చాలా ఏళ్ల కిందట బెంగళూరు వచ్చి మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అబ్బాయి దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో ముగ్గురం కలిసి ఫ్రాన్స్, ఇటలీ చూసి రావాలని కోరిక. అబ్బాయి సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ముగ్గురి దరఖాస్తులూ బెంగళూరులోనే ఒకేసారి ఇచ్చేయవచ్చని, అతని పాస్‌పోర్టులో ఇక్కడి చిరునామాయే ఉంది కనుక అభ్యంతరం ఉండదని ఒక ఏజెంటు చెబుతున్నాడు. అలా చేయవచ్చునా?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: అలా చేయవద్దండి. మీరిద్దరూ బెంగళూరులో, మీ అబ్బాయి యూఏఈలో, ఎవరికి వారు విడిగా దరఖాస్తు చేసుకోవడమే సరైన మార్గం. ఫ్రాన్స్, ఇటలీ రెండూ షెంగెన్ దేశాలు, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోనివి కాబట్టి వాటి స్వల్పకాలిక వీసాలకు 2009 నాటి యూరోపియన్ యూనియన్ వీసా నియమావళి వర్తిస్తుంది. దాని 6వ అధికరణం ప్రకారం దరఖాస్తుదారు చట్టబద్ధంగా ఏ ప్రాంతంలో నివసిస్తున్నాడో, ఆ ప్రాంతం ఏ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో, ఆ కాన్సులేటే దరఖాస్తును పరిశీలించాలి. పాస్‌పోర్టు చివరి పేజీలోని చిరునామాకు ఇక్కడ ప్రాధాన్యం లేదు. ప్రస్తుతం ఎక్కడ నివసించే హక్కుతో ఉన్నాడన్నదే ముఖ్యం. నివాసం లేకపోయినా చట్టబద్ధంగా వచ్చి ఉన్నవారి దరఖాస్తును తగిన కారణం చూపితే తీసుకునే వెసులుబాటు అదే అధికరణంలో ఉన్న మాట నిజమే. అయితే ఆ కారణం సరిపోతుందో లేదో నిర్ణయించేది కాన్సులేట్. తల్లిదండ్రులతో కలిసి ఇస్తే తేలికవుతుందన్న మాటను వారు తగిన కారణంగా ఒప్పుకుంటారని నమ్మి విమానం టికెట్లు కొనడం క్షేమం కాదు.

ఏజెంటు మాటలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. షెంగెన్ దరఖాస్తు ఫారంలో, పౌరసత్వం ఉన్న దేశంలో కాక వేరే దేశంలో నివసిస్తున్నారా అని అడిగే గడి ఒకటి ఉంది. అవును అంటే నివాస అనుమతి సంఖ్య, అది ఎప్పటివరకు చెల్లుతుందో కూడా రాయాలి. బెంగళూరులో దరఖాస్తు నిలబడాలంటే మీ అబ్బాయి ఆ గడిలో కాదు అని టిక్కు పెట్టాలి, అంటే అబద్ధం రాసి కింద సంతకం చేయాలి. దుబాయ్ రాకపోకల ముద్రలు, జీతం పడే బ్యాంకు ఖాతా ఆ అబద్ధాన్ని చూసిన వెంటనే బయటపెడతాయి. తిరస్కరణ వివరాలు షెంగెన్ దేశాలన్నీ ఉమ్మడిగా వాడే వీసా సమాచార వ్యవస్థలో ఐదేళ్ల వరకు ఉంటాయి కనుక, తరువాత వేరే దేశం ద్వారా ప్రయత్నించినా ఆ కాన్సులేట్ వారికి కనిపిస్తాయి. దరఖాస్తు పోతే ఏజెంటుకు పోయేదేమీ లేదు. మచ్చ మీ అబ్బాయి పేరు మీదే పడుతుంది.

ఇక చేయవలసిన పని. ముందుగా ఏ దేశం కాన్సులేట్‌కు వెళ్లాలో తేల్చుకోండి. ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. ఫ్రాన్స్‌లో ఐదు రాత్రులు, ఇటలీలో ఏడు రాత్రులు అనుకుంటే ముగ్గురూ ఇటలీకే ఇవ్వాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి ఇవ్వాలి. మీరు బెంగళూరులో ఒక దేశానికి, అబ్బాయి దుబాయ్‌లో మరో దేశానికి ఇస్తే, ఒకే ప్రయాణానికి రెండు లెక్కలు చూపినట్లవుతుంది.

మీ అబ్బాయి ఫైలులో అన్నిటికంటే ముందు చూసేది యూఏఈ నివాస వీసా. యాత్ర ముగిసిన తరువాత కూడా అది కనీసం మూడు నెలలు చెల్లేలా ఉండాలి, ఎందుకంటే యూరప్ నుంచి అతను తిరిగి వెళ్లగలిగే చోటు ఉందని నిరూపించేది అదే. గడువు దగ్గరపడి ఉంటే ముందు దానిని పొడిగించుకుని, ఆ తరువాతే అపాయింట్‌మెంటు తీసుకోమనండి. ఈలోగా ఉద్యోగం మారే ఆలోచన ఉంటే యాత్రను వాయిదా వేయడమే నయం. పాత కంపెనీ వీసా రద్దయి కొత్తది ఇంకా రాని మధ్యకాలంలో దరఖాస్తుకు ఆధారమే ఉండదు. కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీలో అతని హోదా, జీతం, మంజూరైన సెలవు తేదీలు ఉండాలి. చాలా దేశాలకు అబుదాబిలో దౌత్య కార్యాలయం, దుబాయ్‌లో కాన్సులేట్ వేర్వేరుగా ఉన్నాయి. నివాస వీసాను ఏ ఎమిరేట్ జారీ చేసిందో చూసుకుని ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకోవాలి.

మీ ఇద్దరి ఖర్చు అబ్బాయి భరిస్తున్నట్లయితే ఆ విషయం తెలిపే లేఖ, అతని శాలరీ సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంటు, నివాస వీసా నకళ్లు మీ దరఖాస్తుకు జతచేయండి. మన తెలుగువాళ్లు ఇక్కడ ఒక సంగతి ముందే సరిచూసుకోవాలి. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, కొడుకు పాస్‌పోర్టులో పొడి అక్షరం మాత్రమే ఉండటం మన ఇళ్లలో తరచుగా కనిపిస్తుంది. బెంగళూరులో ఒక అధికారి, దుబాయ్‌లో మరొక అధికారి ఈ కాగితాలను చూసినప్పుడు మీరు ఒకే కుటుంబమని వారికి తెలియాలంటే, అబ్బాయి జనన ధ్రువపత్రం నకలు రెండు ఫైళ్లలోనూ ఉండాలి. ముగ్గురి కవరింగ్ లెటర్లలోనూ మిగతా ఇద్దరి పేర్లు, పాస్‌పోర్టు సంఖ్యలు, ఎవరు ఎక్కడ దరఖాస్తు చేస్తున్నారో, ఏ ఊరిలో కలుసుకుంటారో రాయండి. హోటల్ బుకింగులు, తేదీలు తేడా లేకుండా సరిపోలాలి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల వరకు పడుతుంది. వేసవి యాత్రకు ఉగాది వరకు ఆగకండి, సంక్రాంతి కాగానే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు కాన్సులేట్ దగ్గరే ఉండిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో అబ్బాయి బెంగళూరు రాలేడు. ఇంట్లో శుభకార్యం ఏదైనా ఉంటే ఆ తేదీ చూసుకుని అపాయింట్‌మెంటు పెట్టుకోవాలి. వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, తిరస్కరించినా వెనక్కి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. భారతీయులకు రెండు వీసాలు సక్రమంగా వాడిన తరువాత రెండేళ్ల వీసా ఇచ్చే సౌలభ్యం 2024 ఏప్రిల్‌లో వచ్చింది; అది భారత్‌లో నివసిస్తూ ఇక్కడే దరఖాస్తు చేసేవారి కోసం ఏర్పరచినది కనుక మున్ముందు మీకు ఉపయోగపడవచ్చు గానీ, దుబాయ్ నుంచి దరఖాస్తు చేసే మీ అబ్బాయికి కాదు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తోంది. పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు ముగిసింది. ఇండియాలో అపాయింట్‌మెంట్లు దొరకడం లేదని, పక్కనే ఉన్న మెక్సికోకో కెనడాకో వెళ్లి స్టాంపింగ్ చేయించుకుంటానంటోంది. మంచిదేనా?
– ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: ఒకప్పుడు చాలామంది చేసిన పనే గానీ, ఇప్పుడు వద్దని చెప్పండమ్మా. హెచ్-1బీ వంటి వలసేతర వీసాకు, అంటే తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసాకు దరఖాస్తు చేసేవారు తమ పౌరసత్వం ఉన్న దేశంలో గానీ, నివసించే దేశంలో గానీ ఇంటర్వ్యూ పెట్టుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ 2025 సెప్టెంబరు 6న ప్రకటించింది. మెక్సికోలో గానీ కెనడాలో గానీ మీ అమ్మాయికి నివాసం లేదు. అక్కడ కట్టిన రుసుము వెనక్కి రాదు, ఇండియాకు బదిలీ కూడా కాదు.

స్టాంపు గడువు ముగిసినంత మాత్రాన ఆమె అమెరికాలో ఉండటానికి ఇబ్బంది లేదు. ఉండే హక్కును చూపేది ఐ-94, అంటే అమెరికాలోకి ప్రవేశించినవారు ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే అధికారిక రికార్డు. స్టాంపు దేశంలోకి ప్రవేశించడానికి మాత్రమే. ఐ-94 చెల్లుబాటులో ఉంటే, కెనడా లేదా మెక్సికోకు 30 రోజులకు మించకుండా వెళ్లి పాత స్టాంపుతోనే తిరిగి రావడానికి సాధారణంగా వీలుంది. కానీ అక్కడ ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే ఆ వీలు పోతుంది; వీసా రాకపోతే ఉద్యోగం, ఇల్లు అమెరికాలో ఉండగా ఆమె సరిహద్దు అవతల నిలిచిపోవలసి వస్తుంది. అత్యవసరం లేకపోతే అమెరికాలోనే ఉండి, చెన్నై లేదా హైదరాబాదులో తేదీ దొరికిన తరువాతే రమ్మనండి. బెంగళూరులో అమెరికా కాన్సులేట్ 2025 జనవరిలో ప్రారంభమైంది గానీ, వీసా సేవలు లేకుండానే మొదలైంది.

ప్రశ్న: మా తమ్ముడు జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. సెలవుల్లో పారిస్, లండన్ చూడాలంటే బెంగళూరు వచ్చి వీసా తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అవసరం లేదు. జర్మనీ నివాస అనుమతి కార్డు, పాస్‌పోర్టు రెండూ చెల్లుబాటులో ఉంటే పారిస్‌కు వీసాయే అక్కరలేదు. ఇతర షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండవచ్చు. లండన్ సంగతి వేరు. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, జర్మనీ కార్డు అక్కడ చెల్లదు. సందర్శక వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, జర్మనీలోని వీసా కేంద్రంలోనే వేలిముద్రలు ఇవ్వవచ్చు. విశ్వవిద్యాలయం నుంచి విద్యార్థి ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా వివరాలు, నివాస కార్డు రెండు వైపుల నకలు జతచేయమనండి. కార్డు గడువు సెలవుల మధ్యలో ముగిసేలా ఉంటే ముందు దానిని పొడిగించుకోవాలి.