పేరుపలక ఊడిన పడవ ఇంజన్: తయారీదారుని ఎలా పట్టుకోవాలి

అన్నా, సోమశిల పడవవాళ్ల దగ్గర కొన్న పాత డీజిల్ ఇంజన్‌కు పేరుపలక లేదు, పంపు మీద సి.ఎ.వి. అని ఉంది, అదే కంపెనీయా అని అడిగారు కదా. కాదు. సి.ఎ.వి. వాళ్లు ఎన్నో కంపెనీల ఇంజన్లకు ఇంజెక్షన్ పంపులు, అంటే డీజిల్‌ను సిలిండర్‌లోకి కొట్టే పంపులు, అమ్మారు. మైకో అని ఉన్నా అంతే, అది బెంగళూరు పంపు, మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చు.

ముందు క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె), ఫ్లైవీల్ (పక్కన తిరిగే బరువైన చక్రం) మీద జిడ్డు కిరోసిన్‌తో తుడవండి, గ్రైండర్ మాత్రం పెట్టొద్దు, అక్షరాలు పోతాయి. ఉబ్బెత్తుగా పోతపోసిన నంబర్ చూసి సంబరపడకండి, అది మామూలుగా ఆ భాగం నంబరే. పంచ్‌తో కొట్టినట్టు లోతుగా, కొంచెం వంకరటింకరగా ఉండేదే సాధారణంగా సీరియల్ నంబర్. కనపడకపోతే సుద్దముక్క రుద్ది టార్చి పక్కనుంచి కొట్టండి.

ఇంజన్ మీద ఊరి పేరు దొరికితే సగం పని అయినట్టే. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ అంటే లిస్టర్ కంపెనీ, అక్కడిదే లింకన్ ఊరంటే ఎక్కువగా 1918లో రెండు కంపెనీలు కలిసి ఏర్పడిన రస్టన్ అండ్ హార్న్స్‌బీ, స్కాట్లండ్‌లోని గ్లాస్గో అయితే బెర్జియస్ కంపెనీ వాళ్ల కెల్విన్ ఇంజన్ కావచ్చు. పేరు తెలిశాక గ్రేసెస్ గైడ్ వెబ్‌సైట్‌లో వెతకండి, పాత బ్రిటిష్ కంపెనీల చరిత్ర, ప్రకటనలు ఉచితంగానే ఉంటాయి.

లిస్టర్‌లాగే కనపడితే తొందరపడి ఇంగ్లండ్‌ది అనుకోవద్దు, అచ్చం అలాంటివే రాజ్‌కోట్‌లో బోలెడు తయారయ్యాయి. ఇంకోటి, రివర్స్ గేర్‌గానీ, నీళ్లతో చల్లబడే ఎగ్జాస్ట్‌గానీ లేకపోతే అది మన బావుల మీద నడిచిన నీళ్లు తోడే ఇంజనే అయ్యుండొచ్చు, పడవకు తర్వాత బిగించి ఉంటారు. ఫ్లైవీల్ వైపు, పంపు వైపు దగ్గరి ఫొటోలు పెట్టండి, చూద్దాం.