రెక్కల గుర్రాన్ని ముందు తూకం వేయండి
(కల్పిత జంతువులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: నా ఫాంటసీ నవలలో 450 కిలోల గుర్రం రౌతుతో సహా ఎగరాలి. రెక్కలు ఎంత పెద్దవి పెట్టాలి?

జవాబు: రెక్కల లెక్క తేలికే. పక్షుల్లో చదరపు మీటరు రెక్క మీద పడే బరువు 25 కిలోలు దాటితే ఎగరడం నిజంగానే గగనం. గుర్రం, రౌతు, జీను కలిపి 530 కిలోలనుకుంటే 21 చదరపు మీటర్ల రెక్క కావాలి. వెడల్పు సగటున 2 మీటర్లయితే ఈ కొస నుంచి ఆ కొసకు పదిన్నర మీటర్లు. డైనోసార్ల కాలం చివర బతికిన ఎగిరే సరీసృపం క్వెట్జాల్‌కోట్లస్ రెక్కలు ఇంచుమించు అంతే ఉండేవి. దాని బరువు మాత్రం 200 నుంచి 250 కిలోలని అంచనా.

అసలు చిక్కు కండతో. ఎముకతో ఉన్న కోడి బ్రెస్ట్ పీస్ తెచ్చి మాంసం ఒలిచి చూడండి. మధ్యలో కత్తిలా నిలబడిన పలక ఉంటుంది. దాని మీది పెద్ద కండ రెక్కను కిందికి కొడుతుంది. లోపల విడిగా ఊడివచ్చే సన్నటి కండ రెక్కను పైకి లేపుతుంది. ఒంటి బరువులో ఐదో వంతు కండ కావాలనుకున్నా మీ గుర్రానికి 90 కిలోలు. గుర్రం రొమ్ముకు ఆ పలకే లేదు, ఇంత కండ దేన్ని పట్టుకుని ఉంటుంది? పైగా పక్షి, గబ్బిలం రెండూ ముందరి కాళ్లనే రెక్కలుగా మార్చుకున్నాయి. నాలుగు కాళ్లూ ఉంచుకుని రెక్కలూ కావాలంటే పడమటి కనుమల ఎగిరే బల్లిలా పక్కటెముకలు సాగదీయాలి. అదీ చెట్టు నుంచి చెట్టుకు జారడమే.

మా సలహా, కుదించండి. ఎత్తు, పొడవు, వెడల్పు మూడో వంతుకు తగ్గిస్తే బరువు 27వ వంతుకు, అంటే 17 కిలోలకు దిగుతుంది. రోళ్లపాడు బట్టమేక పిట్టకు ఆఫ్రికా బంధువైన కోరి బస్టర్డ్ ఆ బరువుతోనే ఎగురుతోంది. గడ్డి మాన్పించి గింజలు, పళ్లు పెట్టండి, గడ్డిని పులియబెట్టే పొట్ట మోయలేనంత బరువు. చిన్న మేకంత గుర్రం మీద రౌతు కూర్చోలేడు, నిజమే. వార్త మోసుకెళ్లే గుర్రంగా వాడుకోండి.

ప్రశ్న: గుడి స్తంభాల మీది యాళిలా సింహం ఒంటికి తొండం పెడితే తప్పేమిటి?

జవాబు: తొండమంటే ముక్కు, పై పెదవి కలిసి సాగిన ఎముక లేని కండ. సింహం ఎర గొంతునో మూతినో కరచి ఊపిరాడకుండా చంపుతుంది. ఆ పెనుగులాటలో ముందు తెగేది తొండమే. కాబట్టి యాళి చేత వేట మాన్పించండి. నమూనాగా మన ఎలుగుబంటిని తీసుకోండి: పై వరసలో నడిమి రెండు పళ్లు ఉండవు, ఆ సందులోంచి, పెదవులను గొట్టంలా చేసి చెదలను పీల్చుకుంటుంది. యాళికి జానెడు తొండం, పుట్టలు తవ్వే పొడవాటి గోళ్లు పెడితే చాలు. సింహంలా గోళ్లు లోపలికి ముడుచుకోనక్కరలేదు. జూలు మీ ఇష్టం.

ప్రశ్న: గండభేరుండ పక్షికి రెండు తలలు ఎలా సమర్థించాలి?

జవాబు: సమర్థించకండి. నిజంగా రెండు తలలతో పుట్టే పాములు పూర్తిగా విడిపోని కవలలు. ఒకే ఎర కోసం రెండు తలలూ కొట్టుకుంటాయి. అది జాతి లక్షణం కాదు. మనవాళ్లు ‘రెండు తలల పాము’ అనేది వేరు, దాని మొద్దు తోకే దొంగ తల. కొన్ని చిన్న గుడ్లగూబలకు తల వెనక కళ్లలాంటి మచ్చలుంటాయి. మీ పక్షికీ ఈకలతో అలాంటి దొంగ ముఖం పెట్టండి.

ప్రశ్న: మా కొండ మీద 900 కిలోల మహాసర్పం ఒక్కటే ఉంది. ఏం తిని బతుకుతుంది?

జవాబు: వేడి రక్తపు వేటజంతువుల్లో 90 కిలోల మాంసాహారికి అడవిలో దాదాపు 10,000 కిలోల ఎర ఉండాలి. ఆ లెక్కన మీ పాముకు లక్ష కిలోలు, అంటే 50 కిలోల దుప్పులు రెండు వేలు! చల్లని రక్తమైతే పదో వంతు తిండితో సరి. కొండచిలువ నెలల తరబడి పస్తుండగలదు. అయితే దానికి పరుగూ ఓపికా ఉండవు, చలికి బిగుసుకుపోతుంది. కథానాయకుణ్ణి ధనుర్మాసం తెల్లవారుజామున కొండెక్కించండి, ఎండ పొడ తగిలేదాకా అది కదల్లేదు. ఇంకో మాట, ఒక్కటే ఉంటే వంశం నిలవదు. ఎక్కడో ఒక జోడీని దాచి ఉంచండి.