పెద్దాయన వద్దన్న పదిహేను నిమిషాలు

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-యాష్‌బరీ పేటలో హిప్పీలుగా బతికి, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినవారు కొందరు మా చుట్టుపక్కల ఉన్నారు. సెలవు రోజుల్లో వారి మాటలను ఫోనులో రికార్డు చేసి, తెలుగు వివరణ జోడించి పాడ్‌కాస్ట్‌గా పెడుతున్నాను. ఒక్కో భాగాన్ని నలభై మందికి మించి వినరు. సైన్యంలో చేరనని జైలుకు వెళ్లిన ఒక పెద్దాయన, ఆ తరువాత మత్తుమందులతో గడిచిన రోజుల గురించి పదిహేను నిమిషాలు చెప్పారు. అన్నిటికన్నా ఎక్కువమంది విన్నది ఆ భాగమే. మూడు వారాలయ్యాక, మనవరాలు వింటుందని, ఆ పదిహేను నిమిషాలూ తీసేయమన్నారు. తీసేయాలా? హిప్పీలంటే గంజాయీ, జులపాల జుట్టూ తప్ప ఇంకేముందని అడిగే మనవాళ్లకు ఏం చెప్పాలి?
(ఒక పాఠకురాలు)

జవాబు: తీసేయండి. కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయాలంటే అందులో పాల్గొన్న అందరి సమ్మతీ కావాలి. అది మీరు తీసుకునే ఉంటారు. అయితే ఎదురుగా కూర్చున్న ఒక్కరితో చెబుతున్నానని మరచి మాట్లాడిన మనిషికి, ఆ మాట తన ఇంట్లోనే వినిపించే రోజు ఎలా ఉంటుందో అప్పుడు తెలియకపోవచ్చు. పేరు మార్చితే సరిపోదు, మనవరాలు తాత గొంతు గుర్తుపట్టదా? పాడ్‌కాస్ట్ ఫైళ్లు ఉంచే హోస్టింగ్ ఖాతాలో పాత ఫైలు స్థానంలో కొత్తది పెడితే ఇకమీదట వినేవారికి అదే అందుతుంది. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవారి ఫోన్లలో మాత్రం పాతది ఉండిపోతుంది. ఈ సంగతి ఆయనకు దాచకుండా చెప్పాలి. ఇకనుంచి ప్రసారానికి ముందే కోత పూర్తయిన భాగాన్ని ఎవరిది వారికి వినిపించండి.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ పేట చరిత్రలోనే ఉంది. 1967లో ఒక బస్సు కంపెనీ హైట్-యాష్‌బరీకి హిప్పీలను చూపించే యాత్రలు నడిపింది. కిటికీల్లోంచి తమను వింతగా చూసేవారికి అక్కడివారు కొందరు అద్దాలు ఎత్తి పట్టి, వారి ముఖాలను వారికే చూపించారు. పత్రికల ఆర్భాటంతో విసిగి, ఆ ఏడాది అక్టోబరు 6న హిప్పీ చనిపోయాడని శవపేటికతో ఊరేగింపు కూడా తీశారు. మనకు చేరినది ఎక్కువగా ఆ బస్సు కిటికీలోంచి కనిపించినదే, మన ఊళ్ల మంగలి షాపుల్లో హిప్పీ కటింగ్‌తో సహా. అదే పేటలో డిగ్గర్లు అనే బృందం 1966 నుంచి పార్కులో ఉచితంగా భోజనం పెట్టింది, డబ్బు అడగని దుకాణాలు నడిపింది. తినవచ్చినవారు ఒక పెద్ద పసుపు చట్రంలోంచి దాటి రావాలి. పేరు, కులగోత్రాల వంటి ఆరాలు లేవు. ఆ పెద్దాయనను ఆ వంట గురించి, జైలుకు వెళ్లేముందు ఇంట్లోవారితో జరిగిన మాటల గురించి అడిగి చూడండి. తీసేసిన పదిహేను నిమిషాలకన్నా బరువైన సంగతులు దొరకవచ్చు.

నలభై మంది తక్కువని నేను అనుకోను. వినేవారినే నమ్ముకుని నిలబడ్డ ప్రసారాలు ఉన్నాయి. మీకు దగ్గరలోని బర్క్‌లీలో, రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనన్న లూయిస్ హిల్ 1949 ఏప్రిల్ 15న కేపీఎఫ్ఏ అనే రేడియో కేంద్రాన్ని ప్రారంభించారు. ప్రకటనలు లేకుండా శ్రోతల చందాలతో నడపాలన్నది ఆయన పట్టుదల. డబ్బు చాలక 1950లో ప్రసారాలు ఆగిపోయి, 1951లో మళ్లీ మొదలయ్యాయి.

ప్రశ్న: నా పాడ్‌కాస్ట్‌లో ఆనాటి పాటల ముక్కలు, ముఖచిత్రం మీద శాంతి గుర్తు వాడుకోవచ్చా?
(మరొక పాఠకుడు)

జవాబు: 30 సెకన్ల లోపు పాటకు అనుమతి అక్కరలేదన్న మాట నమ్మకండి. అమెరికా కాపీరైట్ చట్టంలో అటువంటి మినహాయింపు లేదు. శాంతి గుర్తు సంగతి వేరు. 1958లో లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్ అణ్వస్త్ర కేంద్రానికి సాగిన పాదయాత్ర కోసం జెరాల్డ్ హోల్టమ్ దానిని గీశారు; అణ్వస్త్ర నిరాయుధీకరణ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలైన ‘ఎన్’, ‘డి’లకు జెండాలతో చూపే సంజ్ఞలను ఒకదానిపై ఒకటి వేసి, చుట్టూ వృత్తం గీస్తే వచ్చిన రూపమది. దానికి కాపీరైట్ లేదు. లోపలి ఏటవాలు గీతలు రెండూ కిందికి దిగాలి. తలకిందులుగా ఉన్న బొమ్మలు కూడా కనిపిస్తుంటాయి, చూసి ఎంచుకోండి.