అటక మీద చిట్టెలుకలు: గ్యాస్ బిళ్లలు వద్దు, ముందు సందులు మూయండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పాతకాలం మట్టి మిద్దె. వంటింటి మీద చెక్క అటక ఉంది. వచ్చే ఖరీఫ్‌కు విత్తనానికని ఎనిమిది మూటల చెనిక్కాయలు దాని మీద పెట్టినాము. రెండు నెలల నుంచి రాత్రి దీపం ఆర్పితే చాలు, పైన ఒకటే గీకుడు, పరుగులు. పొద్దున చూస్తే మూటల చుట్టూ పొట్టు, జీలకర్ర గింజల మాదిరి పెంటికలు. టమోటా ముక్కకు ఎలుకల పేస్టు పూసి పెట్టినాము. ఒకటో రెండో చచ్చి నాలుగు రోజులు ఇల్లంతా కంపు. వారం తిరక్కముందే మళ్లీ మొదలు. పిల్లి ఉంది గానీ అటక ఎక్కదు. మూటల మధ్య గ్యాస్ బిళ్లలు పెడితే ఒక్క రాత్రిలో అన్నీ పోతాయని అంగడి ఆయన అంటున్నాడు. ఇంట్లో మూడేళ్ల మనవడు ఉన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు ఆ బిళ్లల సంగతి చెప్తాను. ఇంకా కొనకపోతే కొనొద్దు. కొని ఉంటే డబ్బా మూత తీయకుండా కొన్నచోటే తిరిగి ఇచ్చేయండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మనుషులు ఉండని గోదాముల్లో, నిల్వల మీద పట్టాలు కప్పి, శిక్షణ ఉన్నవాళ్లు వాడే మందు అది. ఈ వాయువు గాలి కంటే కొంచెం బరువు కాబట్టి అటక మీద పెడితే పలకల సందుల్లోంచి కిందికి దిగుతుంది. కింద మీరు వంట చేస్తుంటారు, బిడ్డ ఆడుకుంటుంటాడు. దీనికి విరుగుడు మందు లేదు. మనుషులు పడుకునే ఇంట్లో ఈ బిళ్లలు ఒక్కటి కూడా పెట్టకూడదు. మిగతా సలహాలు మీ వీలును బట్టి పాటించినా, ఈ ఒక్క మాట మాత్రం తప్పకుండా వినండి.

పేస్టు కూడా ఆపేయండి. అలాంటి పేస్టుల్లో పసుపు భాస్వరం ఉంటుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. టమోటా ముక్కకు పూసి పెడితే పసిబిడ్డకు అది తినే వస్తువులాగే కనబడుతుంది. ఎలుక ఆ ముక్కను ఈడ్చుకెళ్లి ఎక్కడ పడేస్తుందో కూడా మనకు తెలియదు. పొరపాటున ఎవరి నోట్లోకైనా వెళ్లిందని అనుమానం వచ్చినా సరే, పాలు, నూనె తాగించొద్దు. కొవ్వు ఉన్నదేదైనా ఆ విషాన్ని ఒంట్లోకి ఇంకా తొందరగా లాగుతుంది. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ ట్యూబు కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. మొదటి రోజు వాంతులు తగ్గి మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు, అసలు ముప్పు రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. తగ్గింది కదా అని ఇంటికి తీసుకొచ్చేయడం వల్లే ప్రాణాల మీదికి వస్తోంది.

ఇక మీ అటక మీద ఉన్నవి ఏవో చూద్దాం. జీలకర్ర గింజంత పెంటికలంటే అవి చిట్టెలుకలు. పెద్ద ఇంటి ఎలుకల పెంటికలు బియ్యపు గింజకు రెట్టింపు పొడవుంటాయి. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే రెండింటి నడవడి వేరు. పెద్ద ఎలుకకు అనుమానం ఎక్కువ. కొత్త వస్తువు కనిపిస్తే రోజుల తరబడి దాని దగ్గరికే రాదు. చిట్టెలుక అలా కాదు, కొత్తది ఏది పెట్టినా వచ్చి వాసన చూస్తుంది. బోనుకు తేలిగ్గా దొరికేది అందుకే. కానీ ఒకచోట కడుపునిండా తినదు. ఇక్కడ ఇంత, అక్కడ ఇంత కొరుకుతూ రాత్రంతా తిరుగుతుంది. మీరు పెట్టిన పేస్టుతో ఒకటి రెండే చచ్చి మిగతావి బతకడానికి ఇదొక కారణం. ఎనిమిది మూటల చెనిక్కాయలు పక్కనే ఉండగా వాటికి టమోటా ముక్క కావాల్సిన పనేముంది?

ఇంకో కారణం వాటి సంతానం. సుమారు 20 రోజులకు ఒక ఈత, ఈతకు ఐదారు పిల్లలు. ఆ పిల్లలు ఆరేడు వారాలకే మళ్లీ ఈనడానికి సిద్ధమవుతాయి. వారానికి ఒకటి చొప్పున చంపుతూ పోతే వాటి లెక్క ఎప్పటికీ తగ్గదు. నాలుగైదు రోజుల్లో గట్టిగా పట్టేయాలి, కొత్తవి లోపలికి రాకుండా దారి మూసేయాలి. మందు ఏది వాడినా దారులు తెరిచి ఉంటే పని జరగదు.

మొదట మూటలు కిందికి దించండి. ఇది పగటిపూట చేయాల్సిన పని. ఎక్కే ముందు మెయిన్ స్విచ్ ఆపండి, ఎందుకంటే అటక మీది వైర్లను చిట్టెలుకలు కొరికి ఉంటాయి. టార్చి, పొడవాటి కర్ర దగ్గర పెట్టుకోండి. మూటల సందుల్లో చేయి పెట్టొద్దు. ఎలుకలు ఉన్నచోటికి వాటి వెంట పాము కూడా వస్తుంది, మన జిల్లాలో ఈ భయం ఉత్తది కాదు. మూటలను ఇంట్లో విప్పకుండా పెరట్లో పట్టా మీద పోయండి. ఒక ఊళ్లో ఇలాగే అటక దించుతుంటే పాత బొంత ఒకటి దొరికింది. మడత విప్పితే లోపల పిడికెడంత గూడు. గోనె పీచు, దూది, కాగితాలు మెత్తగా చీల్చి గుండ్రంగా చుట్టి పెట్టుకున్నాయి. ఆ కాగితాలు ఏవో కావు, ఆ ఇంటి పట్టాదారు పాసుపుస్తకం పేజీలు. లోపల కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు ఆరు. ఆ పెద్దాయన అటక మీద ఎలుకల మందు అప్పటికి మూడుసార్లు పెట్టాడు, బొంత మాత్రం ఒక్కసారీ దులపలేదు. మీరు కూడా పాత బట్టలు, బొంతలు, కాగితాల కట్టలు అన్నీ దించేయండి. దస్తావేజులు ఉంటే మూత ఉన్న రేకు పెట్టెలో పెట్టుకోండి.

పోసిన కాయల్లో కొరికినవి, చిల్లు పడినవి, మూత్రం తడిసి మరకపడినవి ఏరి పక్కన పెట్టండి. అవి విత్తనానికి పనికిరావు. నూనె ఆడించడానికి, తినడానికి, పశువుల దాణాకు కూడా వద్దు. కాయ పొట్టు పగిలినచోట బూజు పడుతుంది, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కొంచెమే కదా అని గానుగకు పంపకండి. ఒక చిట్టెలుక రోజుకు తినేది మూడు గ్రాములే, అంటే ఏడాదికి కిలో. కానీ రోజుకు యాభైకి పైగా పెంటికలు వేస్తూ, కాయ కాయను కొరికి వదిలేస్తూ అది పాడుచేసేది అంతకు ఎన్నో రెట్లు.

మంచి కాయల్ని ఒక పూట ఎండనిచ్చి, చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమంటోందా చూసుకోండి. తేమ 8 శాతం లోపు ఉంటే నిల్వకు భయం లేదు. మళ్లీ గోనె సంచుల్లో పోసి అటక ఎక్కిస్తే కథ మొదటికి వస్తుంది. మూత గట్టిగా పడే ఇనుప డ్రమ్ములు మేలు, అయితే రసాయనాలు, పురుగు మందులు వచ్చిన పాత డ్రమ్ములు మాత్రం ఎంత చవకైనా వద్దు. ఎనిమిది మూటలకూ డ్రమ్ములు కొనడం ఇప్పుడు భారమైతే, కింద వసారాలో రెండున్నర అడుగుల ఎత్తు బల్ల వేసి, దాని కాళ్లకు నున్నటి రేకు చుట్టి, గోడకు అడుగున్నర ఎడంగా మూటలు పేర్చండి. చిట్టెలుక ఒక అడుగు ఎత్తు ఎగరగలదు, గరుకు గోడ పాకగలదు. నున్నటి రేకు మీద మాత్రం దానికి పట్టు దొరకదు. బల్లకు ఆనించి చీపురు, నిచ్చెన లాంటివి పెట్టొద్దు.

అటక ఖాళీ అయింది కదా, ఇప్పుడు దారులు వెతకాలి. పడుకునే ముందు గోడల వెంబడి, దూలాలు గోడలో దిగేచోట, వైర్లు లోపలికి వచ్చేచోట ముగ్గుపిండి పల్చగా చల్లండి. పొద్దున్నే టార్చి పక్కవాటుగా వేసి చూడండి. చిన్న చిన్న కాలి గుర్తులు, వాటి మధ్యలో తోక ఈడ్చిన సన్నటి గీత కనిపిస్తాయి. ఆ గీత ఎక్కడ ఆగిపోయిందో అక్కడే సందు ఉంటుంది. సందు అంటే పెద్ద కన్నం అనుకోవద్దు. పెన్సిల్ దూరేంత, అంటే 6 మిల్లీమీటర్ల సందు చాలు, తల పట్టిందంటే ఒళ్లంతా దూరుతుంది. మట్టి మిద్దెల్లో నేను ఎక్కువగా చూసేది దంతెలు, అంటే కప్పు కింది చిన్న దూలాలు, గోడ మీద ఆనే చోటు. చెక్క ఎండి ముడుచుకుపోతుంది, మట్టి రాలుతుంది, నడుమ వేలెడు సందు పడుతుంది. తర్వాత గవాచి (వెలుతురు కోసం వదిలిన కన్నం), వాన నీళ్లు పోయే తూము, పొగ గొట్టం, తలుపు కింద అరిగిన గడప.

ఉత్త మట్టితో పూడిస్తే రెండు రాత్రుల్లో తోడేస్తాయి. గిన్నెలు తోమే స్టీలు పీచును సందులో గట్టిగా కూరి, పైన సిమెంటు మెత్తండి. పెద్ద కన్నమైతే సిమెంటులో గాజు పెంకులు కలిపి పూడ్చండి. మన పెద్దవాళ్లు గాదెల అడుగున చేసిన పని ఇదే. గవాచికి, తూముకు 6 మిల్లీమీటర్ల కన్నులున్న ఇనుప వల బిగించండి. ప్లాస్టిక్ దోమతెర పనికిరాదు, కొరికేస్తాయి. మిద్దె మీదికి వాలిన వేప కొమ్మో చింత కొమ్మో ఉంటే మూడు నాలుగు అడుగులు ఎడం ఉండేట్టు కొట్టేయండి.

ఇక్కడ ఇంకో మాట. పాత మిద్దెల్లో పక్కింటికీ మనకూ గోడ ఒక్కటే ఉంటుంది. అలాంటి ఇల్లయితే మీరొక్కరే తంటాలు పడితే అవి నాలుగు రోజులు అటు వెళ్లి ఐదో రోజు ఇటు వస్తాయి. పక్కింటి వాళ్లతో మాట్లాడి, రెండిళ్లలోనూ ఒకే రాత్రి బోన్లు పెట్టండి.

బోన్ల విషయానికి వస్తే, ఒక్క బోను పెట్టి పడలేదని నిరాశపడేవాళ్లే ఎక్కువ. చిట్టెలుక తన గూటి చుట్టూ కొద్ది మీటర్లలోనే తిరుగుతుంది. అందుకే మీ అటకకు పది పన్నెండు బోన్లు కావాలి. చెక్క మీద స్ప్రింగు కమ్మీ ఉండి టప్పున మూసుకునే చిన్న రకం తెచ్చుకోండి. గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడకు తగిలేట్టు, రెండు మూడు మీటర్లకు ఒకటి పెట్టండి. నడిమధ్యలో పెడితే పడవు, ఎందుకంటే అవి ఎప్పుడూ గోడను రాసుకుంటూ పరిగెత్తుతాయి. ఎర శనగ గింజంత చాలు. చెనిక్కాయల వాసనకు అలవాటుపడ్డవి కాబట్టి ఎర మార్చండి. ఉల్లిపాయ వేసిన వడ ముక్క, ఎండుచేప, బెల్లం కలిపిన ముద్ద, ఏదైనా పర్వాలేదు. దూది పీచు కమ్మీకి చుట్టి పెట్టినా గూటి కోసం లాగబోయి పడతాయి. మొదటి రెండు రాత్రులు స్ప్రింగు ఎక్కించకుండా ఎర తిననివ్వండి. మూడో రాత్రి అన్నీ ఒకేసారి ఎక్కించండి. బిడ్డ చేయి అందకుండా నిచ్చెన తీసేయండి. రోజూ పొద్దున్నే చూసి, చచ్చినవాటిని చేతికి కవరు తొడుక్కుని తీసి లోతుగా పాతిపెట్టండి.

జిగురు అట్టలు నేను చెప్పను. అటక దుమ్ముకు ఒక్క రోజులో జిగురు పోతుంది, బల్లులు, పిచ్చుకలు కూడా వాటికి అంటుకుని గంటల తరబడి కొట్టుకుంటాయి. శబ్దం చేసే కరెంటు మిషన్లకు రెండు రోజుల్లో అలవాటుపడతాయి, డబ్బు దండగ. కలరా ఉండల ఘాటు ఎలుకల కంటే పసిబిడ్డకే ఎక్కువ చేటు.

మరి మందే వద్దా అంటారేమో. పొలం గట్ల మీద కలుగులకు నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ 2 పాళ్లు కలిపి ఎర పెట్టమని మేమే చెప్తాం. అది పొలం కోసం. ఇంట్లో ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరిగి ఏ గోడ సందులోనో చస్తుంది. మీరు పడ్డ కంపు బాధ మళ్లీ తప్పదు. అన్నిటికీ మించి మీ ఇంట్లో పిల్లి ఉంది. మా అమ్మ పెంచిన పిల్లి మందు తిన్న ఎలుకల్ని పట్టి తిని, నాలుగైదు రోజులకు చిగుళ్ల నుంచి రక్తం కారుతూ అరుగు కింద పడుకుండిపోయింది. అప్పటికి నేను వ్యవసాయ కాలేజీలో చదువుతున్నాను, ఏం జరిగిందో తెలిసేసరికే ఆలస్యమైంది. పిల్లి ఉన్న ఇంటికి విషపు ఎర పెట్టమని ఆ రోజు నుంచి నేను ఎవరికీ చెప్పలేదు.

బోన్లలో పడటం ఆగాక అటక శుభ్రం చేయండి, కానీ పొడి చీపురుతో ఊడ్చొద్దు. ఎండిన పెంటికల దుమ్ము పీలిస్తే జబ్బులొస్తాయి, మూత్రం వల్ల ఎలుక జ్వరం అంటుకుంటుంది. అరగంట కిటికీలు తెరిచి ఉంచండి. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి తడిగుడ్డతో తీసేయండి. మెయిన్ స్విచ్ అప్పుడు కూడా ఆపే ఉండాలి. కొరికిన వైర్లను మార్పించి పైపుల్లో వేయించండి.

ఆ తర్వాత మళ్లీ ముగ్గుపిండి చల్లి చూడండి. వరుసగా ఏడు పొద్దులు తోక గీత కనిపించకపోతే డ్రమ్ములు పైకి ఎక్కించుకోవచ్చు. కనిపిస్తే ఎక్కడో ఒక సందు మిగిలిపోయినట్టే, ఆ గీత వెంటే వెళ్లి వెతకండి. దొరక్కపోతే మీ రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుణ్ణి ఒకసారి ఇంటికి పిలిచి చూపించండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.